విపత్తు నిర్వహణ పని నేర్చుకున్నాను: విజయవాడలో నా అనుభవం

విపత్తు నిర్వహణలో పనిచేస్తున్నానంటే చాలామంది మొదట అడిగేది, "అయితే పడవల్లో వెళ్లి జనాన్ని కాపాడతారా?" అని. పడవలో మెలగడం నేర్చుకున్నాను, తాడు విసరడం నేర్చుకున్నాను, నిజమే. కానీ నా రోజులో ఎక్కువ భాగం ఇళ్లిళ్లూ తిరిగి వివరాలు రాసుకోవడానికి, ఫోన్లు చేయడానికి, రాసుకున్నది సరిగ్గా ఉందో లేదో మళ్లీ చూసుకోవడానికి సరిపోతుంది. ఈ సంగతి ఇందులోకి రావాలనుకునే పిల్లలకి ఎవరూ ముందు చెప్పడం లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

మాది పాయకాపురం. బీకాం అయ్యాక ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో బిల్లింగ్ చూసేదాన్ని. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మా వైపు వాళ్లకి ఆ తారీఖు గురించి చెప్పక్కర్లేదు. బయటి ఊళ్ల వాళ్ల కోసం కొంచెం చెప్తాను. బుడమేరు అనే వాగు మైలవరం వైపు నుంచి వచ్చి కొల్లేరులో కలుస్తుంది. దాని వరద విజయవాడ మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టారు. అక్కడినుంచి డైవర్షన్ కాలువ ద్వారా నీళ్లని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లిస్తారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు నదిలోకి పోలేక వెనక్కి తన్నుతాయి. ఆ రోజుల్లో రెండు వరదలూ ఒకేసారి వచ్చాయి. డైవర్షన్ కాలువకి గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరి, 2009 అక్టోబరు నాటి రికార్డుని దాటింది. కృష్ణ ఒడ్డున కృష్ణలంకని రిటైనింగ్ వాల్ కాపాడింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ, మా పాయకాపురం మాత్రం బుడమేరు నీళ్లలో రోజుల తరబడి ఉండిపోయాయి.

మాకు కింద పోర్షన్ మునిగింది. పై ఇంటివాళ్లు తలుపు తీసి రమ్మన్నారు కాబట్టి బతికి బయటపడ్డాం. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు దిగాయని, డ్రోన్లతో అన్నం పొట్లాలు వేస్తున్నారని ఫోన్లో చార్జింగ్ ఉన్నంతసేపూ వింటూనే ఉన్నాం. మా షాపు యజమాని లారీ ట్యూబులకి గాలి కొట్టించి పంపించాడు. వాటి మీద పలకలు కట్టి కుర్రాళ్లు పాల ప్యాకెట్లు తెచ్చారు.

మా వీధి చివరికి ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం) పడవ వచ్చినప్పుడు జరిగింది చూశాకే నేను ఈ దారి పట్టాను. పడవలో ఉన్నాయన హిందీలో అడిగాడు. మంచం మీద ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు ఏ ఇంట్లో ఉన్నారు, ముందు వాళ్లని తీసుకెళ్తాం అని. ఒక్కరికీ సరైన జవాబు తెలియలేదు. ఒక డాబా మీద నుంచి ఇటు అని, ఇంకో డాబా మీద నుంచి అటు అని అరిచారు. పడవ రెండు సందులు తిరిగి వచ్చింది. ఆ సందుల్లో నాలుగిళ్ల అవతల పక్షవాతంతో ఉన్న ఒక పెద్దాయన్ని మర్నాడు గానీ దించలేకపోయారు. ఆయన ఉన్నారని మా వీధిలో పాతవాళ్లకి తెలుసు. కానీ ఆ పాతవాళ్లు అప్పటికే పడవెక్కి వెళ్లిపోయారు. వచ్చినవాళ్లు ప్రాణాలకి తెగించి వచ్చారు, వాళ్ల దగ్గర పడవుంది, బలముంది. వీధి గురించిన వివరం ఒక్కటే లేదు.

నీళ్లు తీశాక, ఇల్లు కడుక్కున్నాక, ఈ పని నేర్పేవాళ్లు ఎవరున్నారా అని వెతకడం మొదలుపెట్టాను. మొదట తగిలింది ఒక ప్రైవేటు సంస్థ. ఫీజు కట్టి డిప్లొమా చేస్తే ఎన్డీఆర్ఎఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అన్నారు. మా బాబాయి సీఆర్పీఎఫ్‌లో చేసి రిటైరయ్యారు. ఆయన్ని అడిగితే ఒక్క మాటలో తేల్చేశారు. "ఎన్డీఆర్ఎఫ్‌లోకి బయటినుంచి నేరుగా తీసుకోరమ్మా. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ లాంటి బలగాల్లో ఉన్నవాళ్లనే డెప్యుటేషన్ మీద పంపుతారు. వాళ్లు అబద్ధం చెప్తున్నారు." ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది పిల్లలు డబ్బు పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే కడుపు మండుతుంది.

చివరికి 2025 వేసవిలో ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన శిక్షణలో చేరాను. ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన సార్ ఒకరు, ఆసుపత్రి ఎమర్జెన్సీలో పనిచేసే నర్సు మేడమ్ ఒకరు, వరద రక్షణలో చాలా ఏళ్లు చేసిన ఇంకొక సార్ మాకు నేర్పారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'ఆపద మిత్ర' పథకం గురించి మీరు వినే ఉంటారు. 2016లో వరద ముప్పున్న 30 జిల్లాల్లో మొదలై, తర్వాత 350 జిల్లాలకి, లక్షమంది వలంటీర్లకి పెరిగింది. 18 నుంచి 40 ఏళ్ల లోపు స్థానికులకి 12 రోజుల శిక్షణ, ఒక కిట్, బీమా ఇస్తారు. మా పాఠాలు కూడా చాలావరకు అదే దారిలో సాగాయి. ఎన్సీసీ, ఎన్ఎస్ఎస్ పిల్లల కోసం ఇప్పుడు 'యువ ఆపద మిత్ర' వచ్చింది. కాలేజీలో ఉన్నవాళ్లు ఆ దారి చూసుకోవచ్చు.

తరగతి గదిలో చెప్పిన చట్టాలు, సంస్థల పేర్ల గురించి ఎక్కువ చెప్పను. 2005 చట్టం, దాని కింద దేశానికి ప్రధాని, రాష్ట్రానికి ముఖ్యమంత్రి, జిల్లాకి కలెక్టరు అధ్యక్షులుగా సంస్థలు, ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. కానీ ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ అనే పాఠాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆపద వచ్చినచోట ఎవరి మాట ఎవరు వినాలి అన్నదే ఆ పాఠం. పైన ఒక కమాండర్, ఆయన కింద ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ అని మూడు విభాగాలు. ఎవరికైనా ఆదేశం ఒక్కరి దగ్గర్నుంచే రావాలి. ఒక్కరి కింద నేరుగా ఐదుగురికి మించి పెట్టుకోకపోతే మంచిది. ఇదేం పెద్ద సంగతి అనిపిస్తుంది. కానీ ఒకే వీధికి మూడు భోజనాల ట్రాక్టర్లు వచ్చి, పక్క వీధికి ఒక్కటీ రాకపోవడం కళ్లారా చూసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

నీళ్ల శిక్షణ మొదలైన రోజు వరద రక్షణ సార్ అందర్నీ గట్టున నిలబెట్టి, ఈత వచ్చినవాళ్లు చేతులెత్తమన్నారు. కృష్ణ ఒడ్డు పిల్లలం కదా, సగానికి పైగా ఎత్తాం. "మీతోనే నాకు భయం" అన్నారు. ఈత వచ్చు కదా అని దూకినవాళ్లని మునిగేవాడు పట్టుకుని తనతోపాటు కిందికి లాగేస్తాడు. అందుకని ఒక వరస ఉంటుంది. ముందు గట్టునుంచే కేకేసి ధైర్యం చెప్పాలి. అందేంత దగ్గరుంటే కర్రో చీరో అందించాలి. అందకపోతే తాడో ట్యూబో విసరాలి. ఆ తర్వాత పడవ. దిగి ఈదడం అన్నిటికన్నా చివర, అదీ శిక్షణ ఉన్నవాళ్లు, లైఫ్ జాకెట్‌తో, తాడు కట్టుకుని. "ముందు నువ్వు, తర్వాత నీ పక్కనున్నవాడు, ఆ తర్వాతే బాధితుడు." ఈ మాట సార్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మాచేత పలికించేవారు. మొదట్లో ఇది స్వార్థంలాగా అనిపించి నాకు నచ్చలేదు. కాపాడటానికి వెళ్లినవాడు కూడా మునిగితే మిగిలినవాళ్లు ఇద్దరి కోసం వెతకాలి కదా అని సార్ చెప్పాక సరేననిపించింది.

త్రో బ్యాగ్ అంటే తాడు నింపిన చిన్న సంచి. తాడు కొస ఒక చేత్తో పట్టుకుని, సంచిని రెండో చేత్తో కింది నుంచి ఊపి విసరాలి. మనిషి దగ్గర పడితే చాలదు. తల దాటి అవతల పడాలి. అప్పుడే తాడు వాళ్ల భుజాల మీదికి వస్తుంది. విసిరే ముందు "తాడు!" అని అరవాలి. చూడనివాళ్లకి తాడు వెళ్లినా పట్టుకోరు. అందరం చేసేది ఏమిటంటే, జారిపోతుందేమోనని తాడుని మణికట్టుకి చుట్టేసుకోవడం. అది చూస్తే సార్‌కి కోపం వచ్చేది. ప్రవాహం లాగితే చెయ్యి విరుగుతుంది, లేదా మనమే నీళ్లలో పడతాం. తాడుని గుప్పిట్లోనే పట్టుకుని, మోకాళ్లు వంచి కిందికి కూర్చుని, పట్టుకున్న మనిషిని ప్రవాహమే గట్టుకి చేర్చేలా నిలబడాలి. ముందు ఈత కొలనులో, తర్వాత నది ఒడ్డున నిలకడగా ఉన్న నీళ్లలో చేయించారు. నా భుజాలు పీకేసేవి, రాత్రి నూనె రాసుకుని పడుకునేదాన్ని.

ప్రవాహం బలం గురించి చెప్పిన లెక్క కూడా గుర్తుంచుకోవాలి. అరడుగు లోతులో వేగంగా పారే నీళ్లు మనిషిని పడగొట్టగలవు. అడుగు లోతు చాలు, చిన్న కారు తేలిపోతుంది. రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. వీధుల్లో నిలిచిన వరదలో నడవాల్సి వస్తే పొడుగాటి కర్రతో ముందు తడుముతూ నడవాలి. ఎందుకంటే మ్యాన్‌హోల్ మూతలు లేచిపోయి ఉంటాయి. గాలి నింపిన రబ్బరు పడవ నడిపేవాళ్లకి ఊరి వీధి నదికన్నా ప్రమాదం. నీళ్లకింద మునిగిన బైకుల హ్యాండిళ్లు, ఇళ్ల గేట్ల మీది ఇనప మొనలు రబ్బరుని చీల్చేస్తాయి. ఏ గేటుకి మొనలున్నాయో ఆ వీధివాళ్లకే తెలుస్తుంది. అందుకే ముందు పడవలో స్థానికుడు ఒకడు ఉండాలని నేర్పారు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు మూతలు బిగించి దుప్పట్లో కట్టి తేలే మూట చేయడం, అరటి బోదెలు కలిపి కట్టడం, బౌలైన్, క్లోవ్ హిచ్, రీఫ్ ముడులు, ఇవన్నీ చేతులకి అలవాటయ్యేదాకా చేయించారు. బౌలైన్ ముడి ఎంత లాగినా బిగుసుకోదు. మనిషి నడుముకి వేయాల్సింది అదే. ఇప్పటికీ ఫోన్ మాట్లాడుతూ చున్నీ కొసకి అదే ముడి వేస్తుంటాను.

ప్రథమ చికిత్స నర్సు మేడమ్ చెప్పారు. గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం బొమ్మ మీద నేర్పారు. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 30 నొక్కులకి 2 శ్వాసలు. రెండు నిమిషాలకే చేతులు వణుకుతాయి. అందుకే మనిషి మారుతూ చేయాలి. నీళ్లలో మునిగినవాళ్ల విషయంలో మాత్రం ముందు శ్వాస ఇవ్వాలి, వాళ్ల ప్రాణం ఆగేది ఊపిరి అందక కాబట్టి. మన ఊళ్లలో మునిగినవాణ్ని తీయగానే బోర్లా వేసి పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలని చూస్తారు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇది మాత్రం దయచేసి ఎవరూ చేయకండి. వరదల్లో పాములు ఇళ్లలోకి వస్తాయి. కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. కాలో చెయ్యో కదలకుండా చూసి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు ఇంజెక్షన్ అక్కడే ఉంటుంది.

శిక్షణ మొత్తంలో నన్ను బాగా కుదిపేసింది ట్రయాజ్ పాఠం. చాలామంది ఒకేసారి గాయపడినచోట ఎవరికి ముందు వైద్యం అందాలో తేల్చడం అది. ఎరుపు అంటే వెంటనే. పసుపు అంటే కాస్త ఆగొచ్చు. ఆకుపచ్చ అంటే నడవగలరు. నలుపు అంటే ఇక చేయగలిగింది లేదు. సగంమందిమి బాధితులుగా నేలమీద పడుకున్నాం, మెడలో కార్డు వేసుకుని. కార్డు మీద లక్షణాలు రాసి ఉంటాయి. మిగతా సగంమంది రక్షకులు. ముందు గట్టిగా అరవాలి, "నడవగలిగినవాళ్లు ఆ చెట్టు దగ్గరికి రండి" అని. వచ్చినవాళ్లంతా ఆకుపచ్చ. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి ఊపిరి, నాడి, చెప్పిన మాట వింటున్నారా అని చూడాలి. ఊపిరి నిమిషానికి 30కి మించితే ఎరుపు. నాడి అందకపోయినా ఎరుపే. చెయ్యి పట్టి నొక్కమంటే నొక్కలేకపోయినా ఎరుపే. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి దారి తెరిచి చూడాలి. అప్పటికీ రాకపోతే నలుపు కట్టి లేవాలి. ఒక్కొక్కరి దగ్గర నిమిషం మించకూడదు.

నా వంతు వచ్చినప్పుడు మా బ్యాచ్‌లో అందరికన్నా చిన్నవాడు, ఇంటర్ అయిపోయిన కుర్రాడు, కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. కార్డు మీద 'ఊపిరి లేదు' అని ఉంది. తల వంచాను. మేడమ్ తల అడ్డంగా ఊపారు. వాడి మెడలో నల్ల ట్యాగు వేసి పక్కకి జరగాలి. వాడు బతికే ఉన్నాడని, పది నిమిషాల్లో లేచి మాతో పెరుగన్నం తింటాడని తెలుసు. అయినా చెయ్యి రాలేదు. మేడమ్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఇక్కడ కూర్చున్న రెండు నిమిషాల్లో అవతల ఎరుపు పిల్ల పోతుందమ్మా" అన్నారు. ట్యాగు వేశాను. ఆ రాత్రి అమ్మకి చెప్తే, ఇలాంటివి నేర్చుకుని ఏం చేస్తావే అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తీవ్రత చూసి వరస తేల్చకపోతే గట్టిగా అరిచేవాళ్లకే ముందు వైద్యం అందుతుంది. మా వీధిలో పడవ విషయంలో జరిగిందీ అదే.

పునరావాస కేంద్రం లెక్కలు ఇంకో రోజు. మాకు ఒక సమస్య ఇచ్చారు. 400 మందిని ఒక హైస్కూల్లో ఉంచాలి, ఏమేం కావాలో రాయండి అని. ప్రపంచమంతటా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, పడుకోవడానికి 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. అంటే 6,000 లీటర్లు, 20 మరుగుదొడ్లు. 42 చదరపు మీటర్ల తరగతి గదిలో 12 మందికి మించి పట్టరు. అంటే 34 గదులు. మన బడుల్లో అన్ని గదులు ఎక్కడున్నాయి? ఇలా లెక్క వేస్తే గానీ ఒక్క బడి చాలదని, రెండు మూడు చోట్ల ముందే చూసిపెట్టుకోవాలని తెలియదు. ఆడవాళ్ల మరుగుదొడ్లు ఎక్కువ ఉండాలి, వాటికి దీపం ఉండాలి, లోపలి నుంచి గడియ ఉండాలి. క్లోరిన్ మాత్ర 0.5 గ్రాములది 20 లీటర్లకి ఒకటి వేసి అరగంట ఆగి తాగాలి. వరద పోయాక వచ్చే వాంతులు, విరేచనాలు వరదకన్నా ఎక్కువమందిని పడుకోబెడతాయి.

శిక్షణ చివరి భాగం వీధి సర్వే. నా ఉద్యోగమైంది కూడా ఇదే. మాకు ఇచ్చిన ఫారంలో పేరు, వయసు, ఫోను నంబరు మాత్రమే ఉన్నాయి. నేను, మా బ్యాచ్‌లో ఉన్న వాంబే కాలనీ అక్క, ఇంకో ఇద్దరం కలిసి దాన్ని పెంచుకుంటూ వెళ్లాం. ఇంట్లో మంచం మీద ఉన్నవాళ్లున్నారా? గర్భిణి ఉంటే ఎన్నో నెల, ఏ ఆసుపత్రి? డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్నారా, వారంలో ఏ రోజుల్లో? ఇన్సులిన్ వాడుతున్నారా? ఊరి బయట ఉన్న చుట్టాల నంబరు ఒకటి కూడా రాసుకున్నాం. విజయవాడలో టవర్లు పనిచేయకపోతే హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ద్వారానే కబురు తెలుస్తుంది. గర్భిణుల వివరాలకి మమ్మల్ని గట్టెక్కించింది అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు. వాళ్ల చేతి పుస్తకాల్లో ఉన్నంత కచ్చితమైన సమాచారం ఏ కంప్యూటర్లోనూ కనబడలేదు నాకు.

ఒక ఇంట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. వరదప్పుడు కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే, ఆవిడ ఇన్సులిన్ సీసాని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కొత్త కుండలో పెట్టి, ఆ కుండకి తడి గుడ్డ చుట్టి ఉంచారట. "మా ఆయన కాలంలో డాక్టరు చెప్పాడే అమ్మాయ్" అన్నారు. అది సరైన పద్ధతే అని మేడమ్ కూడా చెప్పారు. ఆ తర్వాత ఇన్సులిన్ వాడే ప్రతి ఇంట్లో ఆ మాట చెప్పాం.

సర్వేలో మేము చేర్చిన ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది డాబా మెట్ల తాళం. మా వైపు చాలా ఇళ్లలో కింద అద్దెకున్నవాళ్లు ఉంటారు, యజమాని వేరే ఊళ్లో ఉంటాడు. దొంగల భయంతో మెట్లకి గ్రిల్ పెట్టి తాళం వేసేస్తారు. వరద రాత్రి అలాంటి ఇళ్లలో తాళాలు పగలగొట్టుకుని పైకెక్కినవాళ్లు ఉన్నారు. పగలగొట్టలేక గోడ పట్టుకుని పక్కింటి సన్‌షేడ్ మీదికి చేరినవాళ్లూ ఉన్నారు. అందుకే ప్రతి ఇంట్లో అడిగాం, తాళం చెవి ఎవరి దగ్గరుంది అని. యజమానులకి ఫోన్ చేసి, ఒక చెవి అద్దెవాళ్ల దగ్గర ఉంచమని బతిమాలాం. కొందరు మమ్మల్ని కసురుకున్నారు, మీకెందుకు మా ఇంటి తాళాలు అని. ఎక్కువమంది ఒప్పుకున్నారు. గట్టి డాబా ఉండి పది కుటుంబాలు ఎక్కగలిగే ఇళ్లు ఏవో కూడా రాసుకున్నాం. ఎండల్లో కాళ్లరిగేలా తిరిగాం. నాకు ఆ తిరుగుడులో ఒక్క రోజు కూడా వృథా అనిపించలేదు.

శిక్షణ అయ్యాక అదే సంస్థలో ఫీల్డ్ అసిస్టెంట్‌గా తీసుకున్నారు. జీతం బిల్లింగ్ పనిలో వచ్చినదానికన్నా తక్కువే. దాంతోపాటు దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నోలో విపత్తు నిర్వహణ సర్టిఫికెట్ కోర్సు చదువుతున్నాను, కనీసం ఆరు నెలలు పడుతుంది. డిగ్రీ ఉన్నవాళ్లకి పీజీ డిప్లొమా కూడా ఉంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ, అంటే ఎన్ఐడీఎం దక్షిణ భారత క్యాంపస్ 2025 జనవరిలో ప్రారంభమైంది. ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ ఉన్నదీ అక్కడే. మనవాళ్లకి ఇంత దగ్గరలో ఇవి ఉన్నాయని చాలామందికి తెలియదు. మొదటి ఉద్యోగంగా స్వచ్ఛంద సంస్థల ఫీల్డ్ పనులు, 108లో ఎమర్జెన్సీ టెక్నీషియన్, ఫ్యాక్టరీల్లో సేఫ్టీ విభాగం, జిల్లా స్థాయిలో కాంట్రాక్టు పోస్టులు, ఫైర్ డిపార్ట్‌మెంట్ రిక్రూట్‌మెంట్, వీటి కోసం చూడండి. కంప్యూటర్లో పట్టిక సరిగ్గా నింపడం, ఫోన్లో ఓపిగ్గా మాట్లాడటం వస్తే ఇక్కడ మీకు పని ఉంటుంది. ఆడపిల్లలు తప్పకుండా రావాలి. గర్భిణి గురించి, మరుగుదొడ్డి గురించి మగవాళ్లు అడిగితే ఆడవాళ్లు నోరు విప్పరు.

అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చింది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. అంతకు ముందే మాకు కబురందింది. మా పట్టికలో ముందు పిలవాల్సినవాళ్లకి వార్డు సచివాలయం వాళ్లతో కలిసి ఫోన్లు చేయడం మా పని. నెలలు నిండినవాళ్లని ముందే ఆసుపత్రులకి చేర్చాలి. డయాలసిస్ వాళ్లకి ఒక రోజు ముందుకు జరిపించాలి. మందులు, టార్చి, నీళ్లు ఉన్నాయా అని అడగాలి. ఒకవైపు వాన, ఒకవైపు ఫోన్లు, మంచి టెన్షన్. అయినా చేతిలో కాగితం ఉంది, ఎవరి తర్వాత ఎవరో రాసి ఉంది. మా వైపు ఈసారి బుడమేరు పొంగలేదు.

తుపాను వెళ్లిపోయాక అందరం కూర్చుని ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని రాసుకున్నాం. మేము పిలిచినవాళ్లలో చాలామంది పలికారు. కానీ మేలో రాసుకున్న అద్దెవాళ్లలో కొందరు జూన్‌లో, బడులు తెరిచే ముందు, ఇళ్లు మారిపోయారు. ఒక నంబరు ఎంతకీ ఎత్తకపోతే వాంబే కాలనీ అక్క వానలోనే వెళ్లింది. పట్టికలో ఉన్న కుటుంబం నున్న అనే ఊరికి వెళ్లిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకి నెల తిరగని పసిబిడ్డ ఉంది, ఆ బిడ్డ మా లెక్కలోనే లేదు. వాళ్ల దగ్గర మెట్ల తాళం చెవి కూడా లేదు. యజమాని గుంటూరులో ఉంటే, ఆయన్ని ఒప్పించి పక్కింటివాళ్ల దగ్గరున్న రెండో చెవి ఇప్పించింది అక్క.

అందుకని సర్వే వేసవిలో ఒక్కసారే చేస్తే చాలదని, జూన్ చివర్లో ఇళ్లు మారిన అద్దెవాళ్ల కోసం మళ్లీ ఒకసారి తిరగాలని, తుపాన్లు వచ్చే అక్టోబరుకి ముందు గర్భిణుల పేజీ కొత్తగా రాయాలని తీర్మానం రాశాం. దానికి మనుషులు చాలరు. రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు నుంచి ఈ పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల పేర్లు ఇప్పుడు రాసుకుంటున్నాం.